చిన్నదానికి పెట్టిన బొట్టు

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. అది కూడా బందరు కోర్టు అరుగు మీద కూర్చుని నేర్చుకున్నదే. నలుగురిలో వేలిముద్ర వేయాలంటే తల కొట్టేసినట్టుండేది. అంతకుమించి అక్షరం ముక్క రాదు. కానీ రివాల్వరుకీ పిస్టలుకీ తేడా ఏంటో అడగండి, నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

రివాల్వరుకి నడుం దగ్గర కుంకంబరిణెలాగా గుండ్రటి పొట్ట ఉంటుంది. ఆ పొట్టలో గూళ్ళుంటాయి, గూటికొక గుండు. ఒకటి పేలితే పొట్ట తిరిగి రెండోది ముందుకొస్తుంది. పిస్టలుకి పొట్ట ఉండదు. పలకలాగా చదునుగా ఉంటుంది. గుళ్ళన్నీ సన్నటి డబ్బాలో ఒకదాని మీద ఒకటి పేర్చి, ఆ డబ్బాని పిడిలోకి కిందనుంచి తోస్తారు. ఇక నాటుది అంటే గొట్టం ముక్కకి కర్ర పిడి బిగించింది. ఒకసారి ఒకటే గుండు. అది ముందుకి పేలుద్దో వెనక్కి పేలుద్దో పట్టుకున్నోడి అదృష్టం.

మా దివిసీమలో ఆడవాళ్ళకి వలల రకాలు తెలుస్తాయి, రొయ్యల రకాలు తెలుస్తాయి. ఇవెందుకు తెలియాలి? తెలిశాయి. ఈ మాటలు మా పాకలోకి ఎలా వచ్చాయో, వచ్చి ఏం పట్టుకుపోయాయో అదే చెప్తాను. నేను చెప్పింది చెప్పినట్టు రాయమ్మా. బాగుండదని నువ్వేదీ తీసెయ్యొద్దు.

నాగాయలంక అవతల వరి పొలాలన్నీ తవ్వి రొయ్యల చెరువులు చేస్తున్న రోజులవి. మా ఆయన ఒక చెరువుల ఆసామి దగ్గర కాపలాకి కుదిరాడు. ఆసామిది గుడివాడ. జీపులో వచ్చేవారు. చెరువు గట్టు మీద ఆయనకి పెంకుల షెడ్డు, దాని పక్కన మాకు తాటాకు పాక. మొదటిరోజు నేను "అయ్యగారూ" అంటే ఆయన ఒప్పుకోలేదు. "నాకు చెల్లెళ్ళు లేరు అమ్మాయ్, అన్నయ్యా అను" అన్నారు. సరేనని అన్నయ్యగారూ అన్నాను. ఇంత జరిగాక కూడా వేరే పిలుపు నా నోటికి రావట్లేదు. తిట్టుకున్నా ఆ పిలుపుతోనే తిట్టుకుంటున్నాను.

రొయ్య పట్టుబడికొచ్చే సమయానికి దొంగలు విసురువలలేసుకుని వచ్చేవాళ్ళు. ఒకసారి ఒక చెరువు చెరువంతా ఊడ్చుకుపోయారు. ఆ తర్వాత అన్నయ్యగారు తిరగాల్సిన ఆఫీసులన్నీ తిరిగి లైసెన్సు తెచ్చుకుని రివాల్వరు కొన్నారు. వచ్చినప్పుడల్లా షెడ్డు ముందు నులకమంచం వేయించుకుని, పేపరు పరిచి, దాన్ని విప్పి నూనె గుడ్డతో తుడిచేవారు. మా ఆయన పక్కన నిలబడి ఒక్కొక్కటి అందించేవాడు. నేను టీ పట్టుకెళ్తే పాఠం నడుస్తూ ఉండేది.

"ఇదేంట్రా?"

"రివాల్వరండి."

"మరి మొన్న బోటువాళ్ళ ముందు తుపాకీ అన్నావే?"

"తుపాకీయేగా అండి."

"నీ మొహం. తుపాకీ అంటే భుజానికి ఆనించుకుని కొంగల్ని కొట్టేది. ఇది చేతి వాటం సరుకు. సినిమాలు చూసి ప్రతివాడూ నోటికొచ్చింది కూస్తాడు. నువ్వు నా పక్కన నిలబడేవాడివి. నలుగురిలో తప్పు కూస్తే పోయేది నీ పరువు కాదు, నా పరువు."

మా ఆయన ఆ మాటల్ని ప్రసాదంలాగా కళ్ళకద్దుకుని పాకకి తెచ్చేవాడు. నా కుంకంబరిణె తీసి, మూత తిప్పుతూ, "ఇదిగో, ఇలా తిరుగుద్ది, ఇదీ రివాల్వరు" అనేవాడు. అగ్గిపెట్టె లోపలి అరని బయటికి లాగి, మళ్ళీ లోపలికి తోసి, "ఇలా దూరుద్ది, ఇది పిస్టలు" అనేవాడు.

"ఇవన్నీ నాకెందుకు మావా? పులుసులో వేస్తానా?" అనేదాన్ని.

"పిచ్చిదానా, అన్నయ్యగారు ఇలాంటివి ఎవరికి పడితే వాళ్ళకి చెప్తారా? మన మీద నమ్మకం."

నమ్మకం అంట. ఆ నమ్మకమే మా కొంప ముంచింది.

తర్వాత ఇంకోటి వచ్చింది. ఎక్కడనుంచి తెచ్చారో మాకు తెలీదు, అడిగే హక్కూ లేదు. పలకలాగా ఉండే పిస్టలు. దానికేదో బిగుసుకుపోతోందని బందరు పట్టుకెళ్తూ మా ఆయన్ని కూడా జీపెక్కించుకున్నారు. బందర్లో ఇరుకు సందులో ఒక ముసలి సాయిబుగారి కొట్టు ఉండేది. తాళాలు, పంపులు, పెట్రొమాక్సు లైట్లు బాగుచేసేవాడు. అన్నయ్యగారు చెబితే ఇలాంటివి కూడా లోపలి గదిలో చూసేవాడు. ఆయన దాన్ని చేత్తో ఎత్తి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, "బాబూ, మీ తమంచాకి జలుబు చేసింది, కాస్త కషాయం పోయాలి" అన్నాడంట. మా ఆయన ఆ మాట చెప్పి చెప్పి నవ్వేవాడు.

ఆ రోజునుంచి షెడ్డులో రెంటికీ ముద్దుపేర్లు పెట్టారు. లైసెన్సున్న రివాల్వరు 'పెద్దది'. లేని పిస్టలు 'చిన్నది'. "పెద్దది తేరా", "చిన్నది లోపల పెట్టు", ఇలా నడిచేది. అన్నయ్యగారి భార్య, నేను వదినగారూ అని పిలిచేదాన్ని, ఒక ఆదివారం కార్లో భోజనం క్యారేజీ పట్టుకుని వచ్చింది. మొగుడు రెంటినీ పక్కపక్కన పెట్టుకుని తుడుస్తుంటే చూసి, "పెద్దదానికి కాయితం ఉంది, చిన్నదానికి కాయితం లేదు. కానీ ముద్దు మాత్రం చిన్నదాని మీదే. ఏ ఇంట్లో చూసినా ఇదేగా" అంది. అన్నయ్యగారు పగలబడి నవ్వారు. నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. ఈ మాట గుర్తుపెట్టుకోమ్మా, మళ్ళీ వస్తుంది.

ఎలక్షన్లు వచ్చాయి. ఎలక్షన్లొస్తే లైసెన్సున్నవాళ్ళంతా స్టేషన్లో అప్పజెప్పి రావాలి. అన్నయ్యగారు పెద్దదాన్ని ఇచ్చి రసీదు తెచ్చుకున్నారు. ఆ సాయంత్రమే, ఇంకా పొద్దుండగానే, చిన్నదాన్ని తువ్వాల్లో చుట్టుకుని మా పాక గుమ్మంలోకి వచ్చారు. మా ఆయన అక్కడే ఉన్నాడు. అయినా ఆయన చేతికివ్వలేదు. నా చేతిలో పెట్టారు.

"చెల్లెమ్మా, ఇది నీ చేతిలో పెడుతున్నాను. దేవుడి గూట్లో ఉంచు. దేవుడి గూట్లో ఏ పోలీసూ చెయ్యి పెట్టడు."

"ఎన్నాళ్ళండీ అన్నయ్యగారూ?"

"ఎలక్షన్లు అయ్యేదాకా."

"పిల్లలు లేని ఇల్లు కాబట్టి సరిపోయింది" అన్నాను నేను. నిజంగా అదొక్కటే భయం అప్పుడు.

ఎలక్షన్లు అయ్యాయి. పెద్దది స్టేషన్నుంచి ఇంటికొచ్చింది. చిన్నది నా గూట్లోనే ఉంది. అడిగితే, "ఉండనీ అమ్మాయ్, నీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టే" అన్నారు. నాకు ఎంత పొంగు వచ్చిందో ఇప్పుడు చెప్తే నవ్వుతారు. వెంకటేశ్వరస్వామి పటం వెనకాల తువ్వాల మూట. రోజూ దీపం పెట్టేటప్పుడు కనపడేది.

దసరా వచ్చింది. నవమి నాడు ఆయుధపూజ చేస్తాం కదా. పనిముట్లన్నీ కడిగి, పసుపు రాసి, కుంకం పెట్టి దణ్ణం పెట్టుకుంటాం. నవమి నాడు బొట్టు పెట్టని ఇనుము ఏడాది తిరక్కుండా ఆ ఇంటివాళ్ళ రక్తం కళ్ళజూస్తుందని మా అమ్మ చెప్పేది. నేను పార కడిగాను, కొడవలి కడిగాను, చెరువులో నీళ్ళు చిలికే మిషను తాలూకు రెంచీలు కడిగాను. వల అంచుకి కట్టే గుళ్ళకి కూడా బొట్లు పెట్టాను. అన్నీ వరసగా గూటి ముందు పేర్చాక, మూట వైపు చూశాను. కత్తికి, పారకి పెట్టి దానికి పెట్టకపోతే ఎలా? అన్నిటికన్నా ఎక్కువ రక్తం తాగేది అదేగా. తువ్వాలు విప్పి, పిడి మీద పసుపు రాసి మూడు బొట్లు పెట్టాను. మా ఆయన స్నానం చేసి వచ్చి చూసి, "తడి తగలనిచ్చావా? తుప్పు పడితే అన్నయ్యగారు చంపుతారు" అని నీళ్ళు తగిలిన చోటల్లా నూనె గుడ్డతో తుడిచాడు. బొట్లు మాత్రం చెరపలేదు. చెరిపితే తప్పు.

ఇప్పటికీ కొందరంటారు, నువ్వు బొట్టు పెట్టకపోతే ఇదంతా జరిగేది కాదని. నేను ఒప్పుకోను. నా గూట్లో పెట్టమని ఇచ్చినదానికి నేను చెయ్యాల్సింది చేశాను. ఇప్పుడిచ్చినా అదే చేస్తాను.

మర్నాడు పొద్దున్నే జీపు శబ్దమైతే అన్నయ్యగారనుకున్నాను. పోలీసులు. ఎవరో ఉప్పందించారు. ఎలక్షన్లలో ఓడినవాళ్ళో, గెలిచినవాళ్ళో, నాకు తెలీదు. వాళ్ళు షెడ్డు వెతికారు, పాక వెతికారు. దేవుడి గూట్లో పోలీసు చెయ్యి పెట్టడన్నారు కదా. తిన్నగా అక్కడే పెట్టారు.

ఎస్సై దాన్ని రుమాలుతో పట్టుకుని ఎండలోకి తెచ్చాడు. బొట్లు చూసి నవ్వాడు.

"ఏంటమ్మా, దీనికి పూజలు కూడా చేస్తున్నారా?"

"నవమి కదండీ."

"సొంత వస్తువుకి కాకపోతే బొట్టెవరు పెడతారు?"

"పక్కింటోళ్ళ పార మా ఇంట్లో ఉన్నా పెడతామండీ" అన్నాను. అది ఆయన చెవికి ఎక్కలేదు. అప్పటికే మా ఆయన వైపు తిరిగాడు.

"ఈ రివాల్వరు ఎక్కడిది?"

మా ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. భయపడితే భయపడ్డాడు, ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. నలుగురిలో తప్పు కూస్తే అన్నయ్యగారి పరువు పోద్దని తలకెక్కించుకున్నాడు కదా.

"రివాల్వరు కాదండి, పిస్టలండి."

ఎస్సై దాన్ని మా ఆయన ముందుకి చాపాడు. "ఓహో. తేడా ఏంటి?"

"రివాల్వరుకి మధ్యన గుండ్రం ఉంటదండి, తిరుగుద్దండి. దీనికి పిడిలో డబ్బా ఉంటదండి."

"గుళ్ళెన్ని పడతాయి?"

"ఏడండి."

ఎస్సై కానిస్టేబుల్‌ని చూశాడు. "విన్నావా? రాసుకో." అంతే. తాళం పడినట్టయింది. నాకు ఆ గడియలో అర్థమైంది, మా ఆయనకి అర్థం కాలేదు. బడిలో మేష్టారు అడిగితే సరిగ్గా చెప్పిన పిల్లాడిలాగా నిలబడి ఉన్నాడు.

అన్నయ్యగారు అవనిగడ్డలోనే ఉన్నారు, కబురందితే వచ్చారు. జీపు దిగుతుంటే నా ప్రాణం లేచొచ్చింది. ఇక ఆయన చూసుకుంటారనుకున్నాను. ఆయన గట్టు మీద దూరంగా ఆగారు. దాని దగ్గరకి రాలేదు, దాన్ని ముట్టుకోలేదు.

ఎస్సై అడిగాడు, "మీదేనాండీ?"

"నాకు లైసెన్సున్నది రివాల్వరండీ. ఎలక్షన్లప్పుడు మీ స్టేషన్లోనే అప్పజెప్పాను, రసీదు ఉంది. ఇది పిస్టలు. దీనికీ నాకూ సంబంధం లేదు. అతను మా చెరువు దగ్గర జీతగాడు. రాత్రిళ్ళు ఎవరెవరొస్తారో, ఎవరితో తిరుగుతాడో నాకేం తెలుసండీ."

చిన్నది పెద్దది అని ముద్దుగా పిలిచిన నోరే. ఆ రోజు ఒక్కోదానికి దాని అసలు పేరు పెట్టి ఎంత శుభ్రంగా పలికిందో. మా ఆయన్ని కూడా అంతవరకు 'మావాడు' అనేవారు. ఆ రోజు 'అతను' అయ్యాడు.

నేను ఊరుకోలేదమ్మా. అరిచాను. "అన్నయ్యగారూ, మీ చేత్తో మీరే కదండీ నా చేతిలో పెట్టింది! దేవుడి గూట్లో పెట్టమన్నది మీరు కాదా?"

ఆయన నా వైపు చూడకుండా ఎస్సైకి చెప్పారు, "మొగుణ్ణి కాపాడుకోవాలని ఏదో అంటోంది పాపం. ఏమనుకోకండి."

మా ఆయన నన్ను కసిరాడు. "ఊరుకోవే. అన్నయ్యగారు ఏదో ఆలోచించే మాట్లాడతారు."

స్టేషన్లో కిటికీ దగ్గర మా ఆయనతో ఏకాంతంగా మాట్లాడారంట. "నా పేరు ఎత్తకు. నెల తిరక్కుండా బయటికి తెస్తాను. మాటిస్తున్నాను" అని. మా ఆయన ఆ మాట పట్టుకుని బందరు సబ్‌జైలుకి వెళ్ళాడు, పెళ్ళివారింటికి వెళ్ళినట్టు.

నేను నాగాయలంకలో బస్సెక్కి వెళ్ళి చూసొచ్చేదాన్ని. చువ్వల అవతల నుంచి ప్రతిసారీ మొదటి మాట ఒకటే.

"అన్నయ్యగారు వచ్చారా?"

"రాలేదు."

"వస్తారే. మాటిచ్చారు."

"ఆయన మాట ఆయన దగ్గరే ఉంది మావా. చువ్వల వెనకాల నువ్వున్నావు. ఇకనైనా నిజం చెప్పు."

"ఉప్పు తిన్నామే" అనేవాడు.

"తిన్న ఉప్పంతా చెమటగా కక్కేశాం ఆ చెరువు గట్టు మీద. ఇంకేం మిగిలింది?" అంటే మొహం తిప్పుకునేవాడు. మొగుడి మీద అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. అంత జాలి కూడా.

అన్నయ్యగారు రాలేదు గాని ప్లీడరుని పంపించారు. ఆ ప్లీడరు కోర్టు ముందు చెట్టు కింద నిలబడి నాకు పాఠం చెప్పాడు. "పూడిక తీస్తుంటే బురదలో దొరికిందని చెప్పమ్మా. ఎవరి పేరూ తేవద్దు."

"బురదలో దొరికినదానికి ఏడు గుళ్ళు పడతాయని ఎలా తెలిసిందని అడిగితేనో?"

"నువ్వు మాట్లాడకమ్మా, నేను మాట్లాడతాను."

"అందరూ అదే అంటున్నారు, ఎవరూ మాట్లాడట్లేదు" అన్నాను.

అప్పుడు సాయిబుగారు గుర్తొచ్చాడు. అది అన్నయ్యగారిదని ఈ భూమ్మీద ఇంకెవరికైనా తెలుసంటే ఆయనకే. సందులు వెతుక్కుంటూ వెళ్ళాను. కూర్చోబెట్టాడు, టీ తెప్పించాడు. చెప్పిందంతా విన్నాడు.

"తమంచా నాకు గుర్తుందమ్మా. నీ మొగుడూ గుర్తున్నాడు, మంచివాడు. కానీ నేనొచ్చి చెప్తే, లైసెన్సు లేని సరుకు నువ్వెందుకు బాగుచేశావని ముందు నన్ను లోపలేస్తారు. ఈ కొట్టు మూతపడితే నా ఇల్లు గడవదు. నన్ను తిట్టుకో. తిట్టే హక్కు నీకుంది."

తిట్టలేకపోయాను. రానన్నాడు, కానీ నా మొహం మీద అబద్ధం చెప్పలేదు. ఆ ఊళ్ళో నాకు దక్కిన మర్యాద అదొక్కటే.

కొన్ని నెలలకి బెయిలు వచ్చింది. నడుస్తున్న మనిషి కాదు, బట్టలు నడుస్తున్నట్టు వచ్చాడు. చెరువు గట్టు మీద మా పాకలో వేరేవాళ్ళు వంట చేసుకుంటున్నారు. నాగాయలంకలో ఒక చుట్టం వసారాలో తలదాచుకున్నాం. రొయ్యల తలకాయలు ఒలిచే షెడ్డులో నాకు పని దొరికింది. మా ఆయన్ని ఎవరూ పనికి పిలవలేదు. తుపాకీ కేసోడు అని పేరు. పిల్లలు వెనకాల "ఢాం ఢాం" అని అరిచేవాళ్ళు. బోటువాళ్ళు నవ్వుతూనే అడిగేవాళ్ళు, "ఏం బావా, ఎవర్నైనా లేపెయ్యాలంటే నీకే చెప్పాలా?" అని. ఆయన నవ్వలేక నవ్వేవాడు.

వాయిదా రోజుల్లో బందరు వెళ్ళేవాళ్ళం. ఒక వాయిదాకి దాన్ని బయటికి తీశారు. గుడ్డ సంచీ, లక్క ముద్ర. ముద్ర పగలగొట్టి బల్ల మీద పెట్టారు. నేను తలుపు దగ్గరనుంచి మెడ సాచి చూశాను. నా బొట్లు అలాగే ఉన్నాయి. ఎండి నల్లబడి, పిడి మీద గాట్లలో ఇంకిపోయి ఉన్నాయి. కాయితాల్లో దాన్ని 'నాటు పిస్తోలు' అని చదివారు. మా ఆయన నా చెవిలో గొణిగాడు, "నాటుది కాదే అది, ఫారిన్ సరుకు." అప్పుడు కూడా! నేను గట్టిగా గిల్లాను.

అన్నయ్యగారింట్లో చిన్నది, సాయిబుగారి కొట్లో తమంచా, ఎస్సై నోట రివాల్వరు, మా ఆయన నోట పిస్టలు, కోర్టులో నాటు పిస్తోలు. ఒక్క ఇనుపముక్కకి ఇన్ని పేర్లు దొరికాయి. దాని సొంతదారు పేరు ఒక్కరి నోటా రాలేదు.

తీర్పు రాకముందే మా ఆయన పోయాడు. కామెర్లు. చివరికొచ్చేసరికి కళ్ళు పసుపు ముద్దల్లాగా అయ్యాయి. పోయే ముందురోజు కూడా గుమ్మం వైపే చూశాడు. ఎవరికోసమని నేను అడగలేదు.

పదకొండో రోజు నా బొట్టు చెరిపారు. అప్పుడు నాకు ఏడుపుకంటే ముందు ఆ కోర్టు బల్ల గుర్తొచ్చింది. నా నుదుటి మీద కుంకం చెరపడానికి ఇంతమంది చుట్టూ మూగారు. బందర్లో ఆ పిస్టలు మీద నేను పెట్టిన కుంకం చెరిపేవాడు లేడు.

ప్లీడరు కబురు చేశాడు, ముద్దాయి పోయాడు కాబట్టి కేసు మూసేశారని. "మంచిదేగా అమ్మా, గొడవ వదిలింది" అన్నాడు. మంచిదెలా అవుద్ది? చేశాడని ఎవరూ తేల్చలేదు. చెయ్యలేదని కూడా ఎవరూ అనలేదు. తుపాకీ కేసోడి పెళ్ళాం అనే పేరుతో నేను మిగిలాను. నాకు ఇంకేమీ అక్కర్లేదు, ఆ మనిషిది కాదు అని ఎవరైనా ఒక్కరు నలుగురిలో అంటే చాలనుకున్నాను. ఆ ఒక్కరు ఎవరో నాకు తెలుసు.

కొన్నేళ్ళకి రొయ్యకి తెగులొచ్చి చెరువులన్నీ పాడుబడ్డాయి. నేను పనికోసం గుడివాడ చేరి, ఒక కాలేజీ హాస్టల్లో కూరలు తరుగుతున్నాను. అన్నయ్యగారు అప్పటికి చెరువులు వదిలేసి ఊళ్ళో కళ్యాణమండపం కట్టారు. మళ్ళీ దసరా వచ్చింది. నవమి నాడు హాస్టల్లో పని త్వరగా ముగిసింది. ఆ ఇంటికి నడిచాను.

వాకిట్లో కార్లకి దండలు, చక్రాల కింద నిమ్మకాయలు. వరండాలో నలుగురైదుగురు మగవాళ్ళు కుర్చీల్లో ఉన్నారు. పీట మీద వెండి పళ్ళెం, పళ్ళెంలో పెద్దది. దాని గుండ్రటి పొట్టకి వదినగారు బొట్టు పెడుతోంది. బొట్టు లేని మొహంతో నేను మెట్లెక్కడం చూసి ఆమె చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"ఎవరూ..." అన్నారు అన్నయ్యగారు. తెలీక కాదు.

"నేనండీ. చెరువు గట్టు మీద పాకలో ఉండేదాన్ని."

"ఆ, ఆ. ఎలా ఉన్నావమ్మాయ్? లోపలికెళ్ళు, ఏదైనా తిను."

"తినడానికి రాలేదండీ. ఒక్క మాట చెప్పించుకోవడానికి వచ్చాను. ఇప్పుడు కేసు లేదు, మిమ్మల్ని ఎవరూ పట్టుకెళ్ళరు. మీదని చెప్పక్కర్లేదు. అది మా ఆయనది కాదు అని చెప్పండి. వీళ్ళందరి ముందు. అంతే, వెళ్ళిపోతాను."

"ఏది కాదని?"

"పిస్టలు."

కుర్చీలో ఒక పెద్దమనిషి పళ్ళెం వైపు వేలు చూపించాడు. "ఇదేనా?"

"కాదండీ, ఇది రివాల్వరు. దీనికి నడుం దగ్గర గుండ్రం ఉంది చూడండి, అది తిరుగుతుంది. నేను చెప్పేది పిస్టలు. చదునుగా ఉంటుంది, గుళ్ళ డబ్బా పిడిలోకి పోతుంది. అది ఈయనదే. బందర్లో బాగుచేయించారు. ఎలక్షన్లప్పుడు నా చేతికిచ్చారు."

మా కేసు సంగతి ఆ పెద్దమనిషికి ముందే తెలిసినట్టుంది, కళ్ళు పెద్దవి చేసి, పక్కాయన తొడ మీద చరిచి నవ్వాడు.

"ఓరి నాయనో! మనకే తెలీవు ఇవన్నీ. మొగుడికే కాదు, పెళ్ళానికి కూడా తెలుసన్నమాట. అయితే పోలీసులు కేసు ఊరికే పెట్టలేదండోయ్!"

అందరూ నవ్వారు. నాకు చెరువు గట్టు, ఎండ, చేతులు కట్టుకుని నిలబడిన నా మొగుడు కనపడ్డారు. ఆయన ఎక్కడ కాలు జారాడో సరిగ్గా అక్కడే నేనూ జారాను. నేను చెప్పిన ప్రతి మాటా నిజం. ఆ నిజమే తిరిగి నా మెడకి చుట్టుకుంది.

అన్నయ్యగారి వైపు చూశాను. ఆయన నవ్వలేదు. అలా అనకండి అని కూడా అనలేదు. హారతి పళ్ళెం అందుకుని, "కర్పూరం వెలిగించండి, ఆలస్యమవుతోంది" అన్నారు.

మెట్లు దిగి గేటు దాకా వచ్చేశాను. వెనకాల గాజుల చప్పుడైంది. వదినగారు. చేతిలో పులిహోర పొట్లం.

"తీసుకో అమ్మాయ్. పాత విషయాలు మర్చిపో."

"మీరు మర్చిపోయారా వదినగారూ? పెద్దదానికి కాయితం ఉంది, చిన్నదానికి లేదు అని ఆ రోజు మీరే కదా అన్నది?"

ఆమె వరండా వైపు తిరిగి చూసింది. మళ్ళీ నా వైపు తిరిగి, పెదాలు కదిలీ కదలనట్టు, "అన్నాను" అంది. అని, పొట్లం నా చేతిలో కుక్కి గబగబా వెళ్ళిపోయింది.

అంతే నాకు దక్కింది. గేటు దగ్గర, ఎవరికీ వినపడకుండా, ఒక్క మాట. నలుగురిలో కాదు. పొట్లం కాలవలో విసిరేద్దామనుకున్నాను. విసరలేదు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. బస్టాండులో కూర్చుని తిన్నాను. తింటుంటే కళ్ళమ్మట నీళ్ళు కారాయి. అది మిరపకాయ వల్ల కాదు.

ఇప్పుడు నలుగురూ చదువుతారని నువ్వంటున్నావు కాబట్టి చెప్తున్నాను. ఆ పెద్దమనిషిలాగా నవ్వేవాళ్ళు నవ్వుకోనీ. రివాల్వరు ఆ అన్నయ్యది. పిస్టలు కూడా ఆ అన్నయ్యదే. నా మొగుడిది కాదు, నాది కాదు. దాని మీదున్న కుంకం మాత్రం నాది.